ఇన్సూరెన్స్ సర్వేయర్ లైసెన్సు వచ్చింది, ఇక మొదటి క్లెయిమ్ ఎలా చూడాలి?

ఏడాది పాటు ఒక సీనియర్ వెనకాల తిరిగి ట్రైనింగు పూర్తి చేశారు, పరీక్ష పాసయ్యారు, ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ రంగాన్ని నియంత్రించే సంస్థ) లైసెన్సు చేతికొచ్చింది. ఇక రోజూ ఫోన్లు వస్తాయని ఇంట్లో వాళ్లు అనుకుంటారు. రావు. కొన్ని నెలల పాటు రావు, అందులో మీ తప్పేం లేదు. తిరుపతి, చిత్తూరుల్లో ఈ పని చేస్తూ నేను నేర్చుకున్నది, మొదట్లో నాకెవరూ చెప్పనిది, ఇక్కడ రాస్తున్నా.

ముందు ప్యానెల్ సంగతి. కంపెనీ ప్యానెల్లో, అంటే వాళ్లు పని ఇచ్చే సర్వేయర్ల జాబితాలో, పేరు లేకపోతే లైసెన్సు గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా, ఈ నాలుగు ప్రభుత్వ కంపెనీల ఆఫీసులకు మీరే స్వయంగా వెళ్లండి, మెయిల్ పెట్టి కూర్చోవద్దు. లైసెన్సు కాపీ, ఐఐఐఎస్ఎల్ఏ (సర్వేయర్ల సంస్థ) సభ్యత్వం కాపీ, పాన్, బ్యాంకు వివరాలు, ట్రైనింగులో మీరు రాసిన రెండు మూడు రిపోర్టులు (పేర్లు, బండి నంబర్లు కనపడకుండా చేసి) తీసుకెళ్లండి. లైసెన్సులో మోటార్ మాత్రమే ఉంటే మోటార్ అనే చెప్పండి, ఫైర్ కూడా చూస్తానని నోరు జారితే తర్వాత ఆ రిపోర్టుకు విలువే ఉండదు. నిజంగా పనికొచ్చే మాట ఇంకోటుంది: పలమనేరు, నగరి, శ్రీకాళహస్తి వైపు రాత్రయినా వెళ్లగలనని చెప్పండి, చెప్పాక వెళ్లండి. కొత్తవాళ్లకు మొదటి పని అట్లాగే దొరుకుతుంది, ఎందుకంటే పెద్ద సర్వేయర్లు అర్ధరాత్రి ఘాట్ రోడ్డుకు వెళ్లడానికి అంతగా ఇష్టపడరు.

మోటార్‌లో 50,000, మిగతా వాటిలో లక్ష రూపాయల నష్టం దాటితే లైసెన్సు ఉన్న సర్వేయరే చూడాలి, అంతకంటే చిన్నవి కంపెనీలు తమ మనుషులతోనే చూసుకోవచ్చు. కాబట్టి మీ దగ్గరికొచ్చేవి కాస్త బరువైన క్లెయిములే. ఫీజు ఆలస్యంగా వస్తుంది, 10 శాతం టీడీఎస్ పట్టుకుని వేస్తారు. ఆరు నెలల ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకోకుండా ఇందులో దిగొద్దు.

ఫోన్ వచ్చింది అనుకుందాం. 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ తర్వాత గడువులు బాగా బిగిశాయి, క్లెయిమ్ తెలిసిన 24 గంటల్లో కంపెనీ సర్వేయర్ని పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు వెళ్లాలి. బయల్దేరే ముందే పాలసీ కాపీ తెప్పించుకుని చదవండి. జీరో డిప్రిసియేషన్ (భాగాల ధరలో తరుగు కోయని కవర్) ఉందా, ఇంజిన్ ప్రొటెక్ట్ (ఇంజిన్‌కి అదనపు కవర్) ఉందా, ఐడీవీ (పాలసీలో రాసిన బండి విలువ) ఎంత, బండి సొంత వాడకానికా అద్దెకా, ఇవి తెలియకుండా స్పాట్‌కి వెళితే ఏ ప్రశ్న అడగాలో కూడా మీకు తట్టదు. బండి యజమానికి ఫోన్ చేసినప్పుడు "ఇన్సూరెన్స్ సర్వేయర్ని" అని పూర్తిగా చెప్పండి, మన దగ్గర ఉత్త సర్వేయర్ అంటే పొలం కొలిచే ఆయనే అనుకుంటారు.

సంచిలో టేపు, టార్చి, సుద్దముక్క, మెత్తటి పెన్సిల్, తెల్ల కాగితాలు, పాత గుడ్డ ఉండాలి. గుడ్డ, పెన్సిల్ ఛాసిస్ నంబర్ కోసం. నంబర్ చెక్కి ఉన్న చోట మట్టి, గ్రీజు తుడిచి, కాగితం గట్టిగా అదిమి పట్టి పెన్సిల్‌ని పడుకోబెట్టి మెల్లగా రుద్దితే అంకెలు ఒక్కొక్కటే తెల్లగా పైకి తేలతాయి. దాని మీద తేదీ, బండి నంబర్ రాసి ఫైల్లో పెట్టండి. ఫోటో తీశాం కదా అని దీన్ని వదలొద్దు, వెల్డింగ్ చేసిన ఛాసిస్, మళ్లీ కొట్టిన నంబర్ ఈ ముద్రలో దొరికినట్టు ఫోటోలో దొరకవు.

నా మొదటి ఏడాదిలో మొగిలి ఘాట్‌లో మామిడికాయల లారీ పక్కకు ఒరిగిందని రాత్రి పిలిచారు. వాన. తోతాపురి కాయలు రోడ్డంతా పడున్నాయి, పోలీసులు ట్రాఫిక్ క్లియర్ చేయాలని తొందర పెడుతున్నారు, డ్రైవర్‌కి అరవం తప్ప రాదు. ముందు భాగం, కుడి వైపు ఫోటోలు తీసి వచ్చేశా. తెల్లారి క్రేన్ పెట్టి లాగారు. గ్యారేజీలో చూస్తే ఎడమ వైపు క్యాబిన్ స్తంభం వంగిపోయి ఉంది, అది ప్రమాదంలో వంగిందా, క్రేన్ గొలుసు వల్ల వంగిందా చెప్పడానికి నా దగ్గర ఎడమ వైపు ఫోటో ఒక్కటి లేదు. ఓనర్ ప్రమాదంలోనే అన్నాడు, కంపెనీ ఆధారం అడిగింది, మధ్యలో నేను తల దించుకుని నిలబడ్డా. ఆ లారీ మీద అప్పు కట్టుకుంటున్న మనిషికి నా ఒక్క ఫోటో లేక క్లెయిమ్ నెలల తరబడి నలిగింది.

అందుకే ఇది రాస్తున్నా. బండి చుట్టూ నాలుగు మూలలు, నాలుగు వైపులు, కింద భాగం, టైర్లు, ఓడోమీటర్, రోడ్డు మీద టైర్ల జాడ, తగిలిన చెట్టో గోడో, దాని మీద అంటిన రంగు, అన్నీ తీయండి. లోడు బండి అయితే తూకం చీటీ అడిగి అక్కడే ఫోటో తీసుకోండి, మామిడి సీజన్‌లో అధిక లోడు అనేది తప్పకుండా వచ్చే ప్రశ్న. డ్రైవర్‌కి లైసెన్స్ ఉందా, ఆ తరగతి బండి నడపడానికి అది సరిపోతుందా, ఫిట్‌నెస్, పర్మిట్ ఆ రోజుకి ఉన్నాయా, ఇవి అక్కడికక్కడే చూడాలి.

తిరుపతిలో ఇంకో రకం చిక్కు ఉంది. కొండకొచ్చే భక్తుల కార్లు సగం తమిళనాడు, కర్ణాటక బళ్లు. దర్శనం చేసుకుని ఊరికెళ్లే తొందరలో ఉంటారు, ఒక పూట ఆలస్యం చేశారంటే మనిషి దొరకడు. పైగా తెల్ల బోర్డు (సొంత వాడకం) కారులో డబ్బులిచ్చి వచ్చిన వాళ్లున్నారా అనేది తేలాలి. బండిలో ఎవరున్నారు, ఒకరికొకరు ఏమవుతారు, ఎక్కడ ఎక్కారు, మర్యాదగా అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకుని సంతకం పెట్టించండి. "అద్దెకు తిప్పారు" అని మీరు తీర్పు రాయొద్దు. మీ కంటితో చూసింది ఒక చోట, వాళ్లు చెప్పగా విన్నది ఇంకో చోట రాయండి, ఈ రెండూ కలిసిపోయిన రిపోర్టు కన్స్యూమర్ కమిషన్‌లో నిలబడదు. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్న దాంట్లో ఇంతకంటే పెద్దది లేదు.

"క్లెయిమ్ వస్తుందా సార్?" అని అందరూ అడుగుతారు. వస్తుందనీ చెప్పొద్దు, రాదనీ చెప్పొద్దు. నష్టం ఎంత, ఎట్లా జరిగింది అని తేల్చడం మన పని, ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ పని. కానీ ఏ కాగితాలు కావాలో ఒకే ఉత్తరంలో, ఒకేసారి అడగండి. వారానికో కాగితం అడిగి జనాన్ని తిప్పడం నాకు అస్సలు నచ్చదు.

గ్యారేజీలో బండి విప్పాక అసలు లెక్క మొదలవుతుంది. ఉదాహరణకి రెండున్నరేళ్ల కారు, జీరో డిప్రిసియేషన్ లేదు, జీఎస్టీ పక్కన పెడదాం. ఇనుప భాగాలు 40,000. ఆ వయసుకి 15 శాతం తరుగు, 34,000 వస్తుంది. బంపర్, లైట్ల లాంటి ప్లాస్టిక్ 18,000, సగం పోయి 9,000. అద్దం 9,000, గాజుకి తరుగు లేదు కాబట్టి పూర్తిగా 9,000. పెయింటింగ్ మొత్తం కలిపి 16,000 బిల్లు ఇస్తే అందులో 25 శాతం, అంటే 4,000, మెటీరియల్ కింద తీసుకుని దాంట్లో సగం కోయాలి, మిగిలేది 14,000. లేబర్ 12,000. అంతా కలిపితే 78,000, 1500 సీసీ లోపు కారు కాబట్టి 1,000 తప్పనిసరి కోత, పాత సామాను విలువ 1,500 అనుకుంటే ఓనర్‌కి వచ్చేది 75,500. గ్యారేజీ బిల్లు మాత్రం 95,000. ఆ తేడా బండి తీసుకునే రోజు తెలిస్తే గొడవవుతుంది, కాబట్టి బాడీ పని మొదలు కాకముందే ఓనర్ని కూర్చోబెట్టి ఇదే లెక్క కాగితం మీద వేసి చూపించండి. రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటేట్టుంటే పని ఆపించి కంపెనీకి చెప్పాలి, అప్పుడది టోటల్ లాస్ (బండి మొత్తం పోయినట్టే) లెక్కలోకి పోతుంది.

ఆటోనగర్‌లో "రాసేయండి సార్, కంపెనీ డబ్బే కదా" అని ఎవరో ఒకరు అంటారు. పాత డోర్‌నే సాఫు చేసి కొత్త డోర్ బిల్లు పెట్టడం కూడా చూస్తారు. మార్చాలని ఒప్పుకున్న ప్రతి పాత భాగం మీద మీ గుర్తు గీయండి, పని అయ్యాక రీ-ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లి ఆ ముక్కలన్నీ చూడండి. అట్లాగని సాగదీస్తే సరిపోయే డోర్‌కి కొత్తది ఇవ్వనట్టే, పనికిరాని డోర్‌ని సాగదీయమని కూడా రాయొద్దు. కంపెనీకి డబ్బు మిగల్చడానికి మనకు లైసెన్సు ఇవ్వలేదు.

ఫైర్ లైసెన్సు ఉన్నవాళ్లకు వాన నష్టాలు కూడా వస్తాయి. 2021 నవంబర్‌లో తిరుపతి మునిగినప్పుడు షాపుల్లో నేను ముందు చూసింది గోడ మీద బురద గీత. నేల నుంచి దాని ఎత్తు టేపు పెట్టి కొలిచి, టేపు కనపడేట్టు ఫోటో తీయండి. ఏ అరలు తడిశాయో, ఏవి తడవలేదో ఆ గీతే చెబుతుంది. పూర్తిగా పాడైనవి, ఉతికి తక్కువ ధరకు అమ్ముకోగలిగినవి, బాగున్నవి అని మూడు కుప్పలుగా విడదీయించి యజమాని ఎదుటే లెక్కపెట్టండి. బ్యాంకుకి ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్, జీఎస్టీ రిటర్నులు, కొనుగోలు బిల్లులు పక్కన పెట్టుకుని సరిచూడండి.

తక్కువ మొత్తానికి పాలసీ చేసుండటం ఇక్కడ మామూలే. షాపులో 20 లక్షల సరుకు, పాలసీ 12 లక్షలకు, నష్టం 5 లక్షలు అయితే అదే నిష్పత్తిలో కోసి వచ్చేది 3 లక్షలే. కానీ ఒక చోట ఉన్న ఆస్తుల విలువ 5 కోట్ల లోపు ఉండే వ్యాపారాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ అయితే 15 శాతం వరకు తక్కువ ఇన్సూరెన్స్‌ని పట్టించుకోకూడదు. ఇది మర్చిపోయి పాత పద్ధతిలోనే కోసేసిన రిపోర్టులు నేను చూశా, అవతల ఒక చిన్న కొట్టు మనిషి ఉన్నాడు.

మీ చుట్టాలది, స్నేహితులది అయితే క్లెయిమ్ తీసుకోకుండా ఆ రోజే వెనక్కి ఇచ్చేయండి.

రిపోర్టు పంపాక కంపెనీ వాళ్లు అంకె తగ్గించమని ఫోన్ చేయొచ్చు. కారణం అడగండి, నిజంగా తప్పుంటే అనుబంధ రిపోర్టు రాయండి, లేకపోతే మీ లెక్క మీద నిలబడండి. సర్వేయర్ రిపోర్టే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది, నిజమే, కంపెనీ వేరే మొత్తం ఇవ్వొచ్చు. అదే ఏడాది శ్రీ వెంకటేశ్వర సిండికేట్ కేసులో, నచ్చిన రిపోర్టు వచ్చేదాకా కారణం లేకుండా సర్వేయర్లని మార్చుకుంటూ పోకూడదని కూడా చెప్పింది. ఆ ఫోన్ ఎప్పుడొచ్చినా మాట్లాడగలిగేట్టు ఫోటోలు తేదీల వారీగా, చేతిరాత నోట్సు, పెన్సిల్ ముద్ర, సంతకాల కాగితాలు ఒక్కో క్లెయిమ్‌కి ఒక్కో కవర్లో పెట్టి, ఫోటోలకు రెండో కాపీ వేరే డిస్కులో ఉంచుకోండి.