పెరట్లో చిన్న వర్క్‌షాపు గదికి ప్లాన్ దరఖాస్తు: బ్లాకులు కొనే ముందు వెతకాల్సిన పాత కాగితం

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. ఫిట్టర్‌గా రిటైరయ్యారు, పనిముట్లంటే ప్రాణం. పెరట్లో సిమెంట్ బ్లాకులతో ఒక గది కట్టుకుని అందులో చెక్కపని చేసుకుందామని మొదలుపెట్టారు, మేస్త్రిని పెట్టకుండా తనే తాపీ పట్టి. గోడ లింటల్ ఎత్తుకు, అంటే తలుపు పైభాగం దాకా, వచ్చేసరికి టౌన్ ప్లానింగ్ నోటీసు వచ్చింది. ఆయన కంగారుపడలేదు, ఎందుకంటే జిరాక్స్ షాపు దగ్గర పరిచయమైన ఒకతనికి పదిహేను వేలు ఇచ్చి "పర్మిషన్" తీసుకున్నానని ఆయన నమ్మకం. ఆ కాగితం తెచ్చి నాకు చూపించారు. అది ఆయన ఇంటి పన్ను రసీదే, దాని మీద ఎవరిదో ఒక గుండ్రటి స్టాంపు. అంతకు మూడు నెలల ముందే నేను ఇలాంటి గదికే అనుమతి తీసుకుని కట్టుకున్నాను కాబట్టి ఎక్కడ ఆగిపోతారో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా, పది అడుగుల గదికి కూడా అనుమతి కావాలా? కావాలి. మన విశాఖ నగరానికి వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో భవనం అనే మాటకు ఇచ్చిన అర్థం చాలా విశాలంగా ఉంటుంది. ఇల్లే కాదు, అవుట్‌హౌస్, గోడౌన్, షెడ్డు, గోడ, కంచె, అరుగు, ఇటుకతో కట్టినా రేకుతో కట్టినా మట్టితో కట్టినా అన్నీ అందులోకే వస్తాయి. "షెడ్డే కదా, ఎవరు చూస్తారు" అని చెప్పేవాళ్లెవరూ నోటీసు వచ్చినప్పుడు మీ పక్కన నిలబడరు.

జీవీఎంసీ, అంటే మహా విశాఖ నగర పాలక సంస్థ, పరిధిలో ఉంటే అనుమతి ఇచ్చేది జీవీఎంసీయే. దాని బయట, వీఎంఆర్‌డీఏ (విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలోని పంచాయతీలో ఉంటే దారి వేరు, ముందు పంచాయతీలో అడిగి తెలుసుకోండి. నేను ఇక్కడ చెప్పేది నగరం సంగతి. దరఖాస్తు ఏపీడీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో పెట్టాలి, కట్టడాల కొలతలన్నీ 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనల ప్రకారం చూస్తారు. ప్లాన్ గీసి, తన లాగిన్ నుంచి ఫైలు పెట్టేది ఎల్‌టీపీ, అంటే లైసెన్స్ ఉన్న ఇంజినీరో ఆర్కిటెక్టో. ఇది మనం సొంతంగా చేసే పని కాదు. గోడ కట్టడం నేర్చుకోవచ్చు గానీ ఈ అడుగు మాత్రం ఆయనకు వదిలేయాలి.

మామూలు కాగితాలు త్వరగా చెప్పేస్తాను. రిజిస్టరైన దస్తావేజు, ఉంటే లింకు దస్తావేజులు (అంతకు ముందు యజమానులవి), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), తాజా ఇంటి పన్ను రసీదు, ఆధార్, స్థలం ఫొటోలు. దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది, ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోనో మీసేవలోనో తీసుకోవచ్చు. వీటి దగ్గర ఎవరూ పెద్దగా ఆగరు. అడవివరం, వేపగుంట వైపు సింహాచలం దేవస్థానం పంచ గ్రామాల భూముల్లో ఉన్నవాళ్లు మాత్రం అన్నిటికంటే ముందు తమ సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు నిషేధించిన జాబితాలో, అంటే 22ఏలో, ఉందో లేదో చూసుకోవాలి. బీచ్‌కు దగ్గర్లో ఉన్నవాళ్లు సీఆర్‌జెడ్, అంటే తీరం దగ్గర కట్టడాలపై ఉన్న ఆంక్షల, సంగతి ఎల్‌టీపీని మొదటి రోజే అడగాలి.

అసలు చిక్కు వేరే కాగితం దగ్గర ఉంది. మీ ఇంటికి అప్పట్లో మంజూరైన పాత ప్లాన్.

అందరూ కొత్త గది గురించే ఆలోచిస్తారు, నేనూ అంతే. పది బై పన్నెండు, తూర్పున తలుపు, ఉత్తరాన కిటికీ, నోట్‌బుక్‌లో పదిసార్లు గీశాను. ఎల్‌టీపీ దాన్ని పక్కన పెట్టి "ఇంటి ప్లాన్ ఉందా అండి?" అన్నారు. అప్పటికే ఇల్లున్న స్థలంలో ఇంకో గది కడుతున్నామంటే అది ఖాళీ స్థలంలో కొత్త నిర్మాణం కాదు, ఉన్నదానికి అదనం. కాబట్టి ముందు ఉన్న ఇల్లు సక్రమమైనదని తేలాలి, ఆ తర్వాతే గది మాట. ఆ ఇల్లు సక్రమమని చెప్పే కాగితం ఆ ప్లానే. పన్ను కడుతున్నాం కదా అంటే చెల్లదు. అనుమతి లేని ఇంటికి కూడా పన్ను వేస్తారు, పన్ను రసీదు ఉన్నంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు. మా పెద్దాయన మోసపోయింది సరిగ్గా ఇక్కడే.

మా ఇంటి ప్లాన్ బీరువాలో అమ్మ పట్టుచీరల కింద దొరికింది. నీలం గీతలు వెలిసిపోయిన ప్రింటు, ఎనిమిది మడతలు, మడత దగ్గర చిరిగి ఎవరో సెల్లోటేప్ వేశారు, ఆ టేపు కూడా పసుపెక్కి పెళుసుబారింది. మూలన సీలు, సంతకం, తేదీ, పక్కన ఎర్ర సిరాతో పర్మిట్ నంబరు. ఆ నంబరు కనిపించగానే నాకు సగం టెన్షన్ తగ్గింది. కాపీ చిరిగినా నంబరూ సంవత్సరమూ తెలిస్తే రికార్డులో వెతకడానికి ఆధారం ఉంటుంది.

దొరకనివాళ్ల సంగతి. ఇల్లు కట్టిన సంవత్సరం గుర్తుచేసుకోండి, ఎందుకంటే ప్లాన్ ఎవరు ఇచ్చారన్నది దాన్ని బట్టే ఉంటుంది. జీవీఎంసీ ఏర్పడింది 2005లో, అప్పటిదాకా ఉన్న విశాఖ కార్పొరేషన్‌లో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి. మాది 2001లో కట్టిన ఇల్లు, గాజువాక వైపు, కాబట్టి సీలు మీద ఉన్నది పాత మున్సిపాలిటీ పేరు. అప్పట్లో పంచాయతీగా ఉన్న ఊళ్లలో పంచాయతీ పేరుతో ప్లాన్ ఉంటుంది, లేఅవుట్ మాత్రం వీఎంఆర్‌డీఏకు ముందున్న వుడాది అయి ఉంటుంది. నేటి జోనల్ ఆఫీసుకు వెళ్లి "మా ఇంటి ప్లాన్ ఇవ్వండి" అని ఊరికే అడిగితే లేదనే సమాధానం రావడం మామూలే. పర్మిట్ నంబరు, సంవత్సరం, అప్పటి స్థానిక సంస్థ పేరు, సర్వే నంబరు, పాత డోర్ నంబరు రాసి, సర్టిఫైడ్ కాపీ కావాలని రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అక్కడే ఉన్న మొదటి అప్పీలు అధికారికి రాయొచ్చు. దీనికి లాయరూ అక్కర్లేదు, మధ్యవర్తీ అక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు.

అసలు ప్లానే లేకుండా కట్టిన ఇళ్లు కూడా మన దగ్గర చాలానే ఉన్నాయి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. అలాంటివాళ్లు 2007లో, 2015లో, 2019లో వచ్చిన బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) పథకాల్లో ఎప్పుడైనా డబ్బు కట్టి క్రమబద్ధం చేయించుకున్నారేమో పెద్దవాళ్లను అడగండి. బీపీఎస్ ఉత్తర్వు కాపీ ఉంటే దాంతో పని నడుస్తుంది. దరఖాస్తు పెట్టిన రసీదు వేరు, చివరి ఉత్తర్వు వేరు. రసీదు మాత్రమే చేతిలో ఉండి ఉత్తర్వు ఉందనుకునేవాళ్లను ఇద్దరిని చూశాను. రెండూ లేకపోతే గది పని ఆపి ఇంటి సంగతి ముందు ఎల్‌టీపీతో తేల్చుకోండి. దాన్ని దాటేసి గదికి మాత్రం అనుమతి ఇప్పిస్తానని ఎవరైనా అంటే ఆ మనిషికి డబ్బు ఇవ్వకండి.

ప్లాన్ దొరికాక ఇంకో పరీక్ష ఉంది, ఇల్లు అందులో ఉన్నట్టు ఉందా అని. మా ప్లాన్‌లో మెట్లు పడమర, ఇంటికి తూర్పున. కట్టేటప్పుడు వాస్తు అని మార్చారట. నేను, మా తమ్ముడు టేపు పట్టుకుని ఒక ఆదివారం పొద్దున్నంతా కొలిచాం. ఇంటి వెనక గోడ నుంచి ప్రహరీ వరకు ఒక చివర పదిహేడు అడుగులు వచ్చింది, రెండో చివర పదహారుంపావు. అంటే ప్రహరీయే వంకరగా ఉంది. దస్తావేజులో ఒక కొలత, నేల మీద ఇంకో కొలత ఉంటే తక్కువ వచ్చినదాన్నే లెక్కపెట్టుకోమని ఎల్‌టీపీ ముందే చెప్పారు, నిజంగానే అలాగే చేయాల్సి వచ్చింది. ఈ తేడాలు దాచకండి, ఉన్నది ఉన్నట్టు గీయించండి. తప్పు సమాచారం ఇచ్చి తీసుకున్న అనుమతిని రద్దు చేసే అధికారం ఆ 1955 చట్టంలోనే, 450వ సెక్షన్ కింద, కమిషనర్‌కు ఉంది. సెల్ఫ్ సర్టిఫికేషన్ (వివరాలు నిజమని మనవైపు నుంచే ధ్రువీకరించే పద్ధతి) ఉంది కదా, వెంటనే వచ్చేస్తుంది అనేవాళ్లు కూడా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, వెంటనే వచ్చినా అందులో రాసినదానికి యజమాని కూడా జవాబుదారీయే.

అలా కొలిచినప్పుడే గది ఎక్కడ పడుతుందో తేలిపోతుంది. అందరికీ ప్రహరీకి ఆనించి మూలన కట్టాలనే ఉంటుంది, ఒక గోడ ఖర్చు తగ్గుతుందని. కానీ ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, మనం సెట్‌బ్యాక్ అనేది, మీ స్థలం వైశాల్యం, కట్టడం ఎత్తు, ముందున్న రోడ్డు వెడల్పు, ఈ మూడింటిని బట్టి ఉంటుంది. మూల గది ఆ ఖాళీలోకి వస్తే ఫైలు అక్కడే ఆగుతుంది. నా గదిని లోపలికి జరపాల్సి వచ్చింది, మామిడి కొమ్మ ఒకటి కొట్టించాల్సి వచ్చింది, బాధగానే అనిపించింది. కానీ ఇప్పుడు ప్రహరీకీ గదికీ మధ్య సందులో నిలబడి వెనక గోడకు ప్లాస్టరింగ్ చేసుకోగలిగాను, ఆనించి కట్టుంటే ఆ గోడ జన్మలో తాపీ చూసేది కాదు.

ఎల్‌టీపీని ఎంచుకునేటప్పుడు లైసెన్స్ నంబరు అడగండి, ఆయన ఫీజు కాగితం మీద రాయించుకోండి. ఫైలులో యజమాని మొబైల్ నంబరు దగ్గర మీ నంబరే ఉండాలి. మధ్యవర్తులు తమ నంబరు పెట్టిస్తారు, తర్వాత మెసేజ్‌లన్నీ వాళ్లకే పోతాయి, ఏం జరుగుతోందో మీకు తెలియదు, ప్రతి కబురుకూ ఒక రేటు. ప్రభుత్వ ఫీజు ఆన్‌లైన్‌లో కడతారు, రసీదు వస్తుంది. ఎల్‌టీపీకి మాట్లాడుకున్న ఫీజు తప్ప మీరు చేతికి ఇవ్వాల్సిన క్యాష్ ఈ పనిలో ఏదీ లేదు.

ఫైలు పెట్టాక షార్ట్‌ఫాల్ పడిందని మెసేజ్ వస్తే భయపడకండి, రిజెక్ట్ అయినట్టు కాదు. ఏదో కాగితం సరిగా కనబడలేదనో కొలత ఇంకొకటి కావాలనో అర్థం. నాకు పడింది పాత ప్లాన్ స్కాన్ మసకగా ఉందని. మడతలు విప్పి, తెల్ల గుడ్డ మీద పరిచి, ఎండలో ఫొటో కాకుండా షాపులో పెద్ద స్కానర్ మీద తీయించి మళ్లీ పెట్టాను, అంతే. స్థలం చూడటానికి వార్డు ప్లానింగ్ సెక్రటరీ వస్తే ఇంట్లో ఎవరో ఒకరు ఉండి, ఒరిజినల్ ప్లాన్ చేతికిచ్చి చూపించండి. జవాబు రాకుండా ఆగిపోతే సోమవారం ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో ఫైలు నంబరుతో అర్జీ పెట్టొచ్చు.

గదిని మీరు దేనికి వాడతారో ముందే ఎల్‌టీపీకి నిజం చెప్పండి. సొంతానికి చెక్కపని, రిపేర్లు అయితే ఒక రకం. డబ్బు తీసుకుని బయటివాళ్లకు పనులు చేస్తే ట్రేడ్ లైసెన్స్ కావాలి, ఇంటి కేటగిరీ కరెంటు వాడటం కూడా కుదరదు, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో కనెక్షన్ సంగతి అడగాలి.

కప్పు ఏమిటో కూడా ప్లాన్‌లో స్పష్టంగా రాయించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ రేకుల చప్పుడు మర్చిపోరు. మా వెనకింటి రేకు మా నీళ్ల ట్యాంకు మీద పడింది. మన తీరానికి లెక్కలో తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. మొదటిసారి కట్టేవాళ్లు రేకుల కప్పు వేస్తే గోడ పైన కాంక్రీటు బెల్టు పోసి, కప్పును దానిలో పాతిన బోల్టులకే బిగించాలి, ఊరికే బ్లాకుల మీద రాళ్లు పెట్టి వదిలేయకూడదు.

బ్లాకుల సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే కొనాల్సిందీ చివరనే. పది బై పన్నెండు గదికి తొమ్మిదడుగుల గోడ అంటే చుట్టూ 396 చదరపు అడుగులు, తలుపు కిటికీలు తీసేస్తే సుమారు 356. పదహారు అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల ఎత్తు ఉన్న బ్లాకులు 400 పడతాయి, పగిలేవి కలిపి 420 చెప్పండి. నాలాగా అనుమతి రాకముందే లారీ దింపించుకుంటే రెండు నెలలు దారికి అడ్డంగా పడి ఉంటాయి, పక్కింటివాళ్లతో మాటలు పడాలి. అనుమతి కాగితం వచ్చాక పని మొదలుపెడుతున్నట్టు తెలియజేసి అప్పుడు దింపించుకోండి. ఆ కాగితం కాపీ ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి గేటు లోపలివైపు కట్టండి, ఎవరైనా అడిగితే లోపలికి పరిగెత్తాల్సిన పని ఉండదు.

మా పెద్దాయన ఇంటికి 1996 నాటి ప్లాన్ ఉందని తేలింది, వాళ్ల అన్నగారి దగ్గర. నోటీసుకు గడువులోగా జవాబు రాయించి, పని ఆపేసి, మొన్న బుధవారం ఎల్‌టీపీ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం. లింటల్ దాకా లేచిన గోడల మీద ఆయన టార్పాలిన్ కప్పి ఉంచారు.