అడవి ఊద గింజను నిద్ర లేపడం

గుణుపురంలో మా పెరటి వెనక కాలవ గట్టు మీద ఊద గడ్డి దానంతటదే పెరుగుతుంది. ఓ కార్తీకంలో ఆ గింజలు తెచ్చి మర్నాడే తడిగుడ్డలో మూటకట్టాను. పక్కన కట్టిన సాగు ఊదలు నాలుగో రోజుకి మొలకెత్తాయి. అడవివి ఇరవై రోజులైనా కదల్లేదు. చచ్చిన గింజలనుకుని గేదె కుడితిలో పోసేశాను. ఇప్పటికీ బాధే, అవి నిద్రలో ఉన్నాయంతే.

మనం తినే ఊదలు పుట్టింది ఈ గడ్డి నుంచే. తరతరాలుగా విత్తి కోసుకోవడంతో సాగు గింజకు ఆ నిద్ర చాలావరకు పోయింది. అడవి గింజకి మాత్రం అదే రక్ష. కార్తీకంలో రాలి వెంటనే మొలిస్తే, చెమ్మ లేక ఎండిపోదూ!

ఈ కంకి ఒక్కసారే పండదు, పండిన గింజ పండినట్టే రాలుతుంది. అందుకని కోయకుండా, కింద చేట పట్టి వేళ్లతో తట్టండి. గోటితో నొక్కితే అణిగిపోయేది తాలు. మిగతావి నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, తేదీ రాసి జ్యేష్ఠం దాకా పొడిచోట ఉంచండి. ప్లాస్టిక్ కవరైతే చెమ్మ పట్టి బూజొస్తుంది. నేను వంటింటి దూలానికి వేలాడదీస్తాను. ఎండాకాలం గడిచేసరికి నిద్ర చాలావరకు వదులుతుంది.

తొలకరి ముందు ఇరవై గింజలతో పరీక్ష చేయండి. పైపొట్టు గట్టిగా, నున్నగా మెరుస్తుంటుంది. రెండు గరుకు కాగితాల మధ్య ఆ మెరుపు పోయేదాకా మెల్లగా రుద్దితే చాలు, ఇంకా రుద్దితే లోపలి అంకురం దెబ్బతింటుంది. తర్వాత పళ్లెంలో తడిగుడ్డ పరిచి పైన చల్లి, ఎండ తగలని వెలుతురులో పెట్టండి. పెసల్లా మూటకట్టి చీకట్లో ఉంచడం నా రెండో తప్పు. ఈ గింజ వెలుతురు చూస్తేనే బాగా లేస్తుంది. అప్పటికీ మొండికేస్తే, ఎరువుల కొట్లో దొరికే 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్, లీటరు నీటికి 2 గ్రాములు కలిపి ఆ నీళ్లతో గుడ్డ తడపండి.

కుండీలోనూ అంతే, తడిమట్టి మీద చల్లి అరచేత్తో అద్దండి, పూడ్చొద్దు. మొలిచింది ఊదో వరో తేల్చుకోవాలంటే ఆకు కాడని అంటుకునే చోట చూడండి: వరి నారుకి అక్కడ పల్చని పొర నాలుకలా ఉంటుంది, ఊదకి ఉండదు. కంకి వేయగానే పల్చటి గుడ్డ సంచి తొడగండి, పక్క చేలో రాలితే వరికి కలుపు.