టేబుల్ కింద వైర్లు కనపడకుండా సర్దుకోవడం ఎలా?

వైర్లు సర్దాలనగానే చాలామంది నేరుగా వైర్ల మీద పడతారు. ఆన్‌లైన్‌లో వంద కేబుల్ టైలు (ఒకసారి బిగిస్తే కోస్తే గానీ ఊడని ప్లాస్టిక్ పట్టీలు) తెప్పించి, కనపడినవన్నీ జడలా బిగించి కట్టేస్తారు. వారం రోజులు చూడముచ్చటగా ఉంటుంది. తర్వాత మౌస్ మార్చాల్సొస్తే ఆ జడంతా కోయాలి. 2020లో అందరం ఇంటి నుంచి పని మొదలుపెట్టినప్పటి నుంచి మా ఇంట్లోనూ చుట్టాల ఇళ్లలోనూ పాతిక టేబుళ్లయినా సర్ది ఉంటాను. దాదాపు అన్నిచోట్లా చిక్కు మొదలైంది నేల మీద పడేసిన ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గరే. బోర్డు నేల మీదుంటే పైనున్న ప్రతి వైరూ నేలకి దిగాల్సిందే. ఇల్లు తుడిచేటప్పుడు తడిగుడ్డ దానికి తగులుతుంది. సాకెట్లలోకి దుమ్ము, చీమలు చేరతాయి. అదే బోర్డుని టేబుల్‌కి బిగిస్తే గోడకి వెళ్లేవి రెండే: కరెంటు వైరొకటి, నెట్ వైరొకటి.

కావలసినవి: మందమైన వైరూ, మూడు పిన్నుల ప్లగ్గూ, వేరువేరు స్విచ్‌లూ ఉన్న 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు, వెల్క్రో పట్టీలు (అంటించి, మళ్లీ విప్పుకోగలిగేవి), నాలుగంగుళాల వెడల్పు ప్లైవుడ్ ముక్క, రెండు ఎల్ క్లాంపులు, అర అంగుళం స్క్రూలు, కాస్త పీవీసీ కేసింగ్ (వైర్లు లోపల దాచే ప్లాస్టిక్ పట్టీ). హైదరాబాద్‌లో ఉంటే ట్రూప్ బజార్‌లో అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. కేబుల్ టైలు మాత్రం కొనకండి.

అన్నీ పీకండి

గోడ దగ్గర స్విచ్ ఆపి, ఉన్నవి ఉన్నట్టు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుని, ఒక్కటి కూడా వదలకుండా పీకేయండి. దుమ్ము తుడవండి. ప్రతి అడాప్టర్ మీదా అది దేనిదో చిన్న చీటీ అంటించండి. దీన్ని చాదస్తం అనుకోవద్దు. మా ఇంట్లో 12 వోల్టుల రౌటర్‌కి పొరపాటున మానిటర్ తాలూకు 19 వోల్టుల అడాప్టర్ పెట్టారు. పిన్ను చక్కగా పట్టింది, రౌటర్ మాత్రం అక్కడికక్కడే పోయింది.

బోర్డు బిగించడం

పని పాడయ్యేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చేయండి.

ముందు డబుల్ టేప్ (రెండు వైపులా అంటుకునే టేప్) సంగతి. బోర్డుని దాంతో అంటించేస్తే చాలని వీడియోల్లో చూపిస్తారు. మన ఎండలకి, అందులోనూ ల్యాప్‌టాప్ అడాప్టర్ బరువు రోజంతా లాగుతుంటే, ఆ జిగురు నిలవదు. మే నెలలో ఓ మధ్యాహ్నం బోర్డు మొత్తం ఊడి కిందపడుతుంది. స్క్రూలే వాడాలి.

రెండోది, సాకెట్లు ఎటు చూడాలన్నది. బోర్డుని టేబుల్ అడుగున బల్లపరుపుగా బిగిస్తే సాకెట్లు నేల వైపు చూస్తాయి. మన బోర్డుల్లో రెండు పిన్నుల అడాప్టర్లకి పట్టు అంతంతమాత్రం. తలకిందులుగా వేలాడితే మెల్లగా జారతాయి. సగం జారిన పిన్ను దగ్గర చిటచిటమని నిప్పురవ్వలు వస్తాయి, ప్లాస్టిక్ మాడుతుంది. అందుకే సాకెట్లు మన మోకాళ్ల వైపు చూడాలి. టేబుల్‌కి వెనక చెక్క ఉంటే బోర్డుని దాని లోపలి వైపు బిగించండి. లేకపోతే ప్లైవుడ్ ముక్కని రెండు ఎల్ క్లాంపులతో టేబుల్ అడుగున, వెనక అంచుకి అరచేయి దూరంలో నిలువుగా దింపి, దానికి బిగించండి.

మూడోది, స్క్రూ పొడవు. ఇళ్లలో వాడే టేబుల్ చెక్క సాధారణంగా 18 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అంగుళం స్క్రూ అంటే 25 మిల్లీమీటర్లు, పైకి పొడుచుకొస్తుంది. అర అంగుళమైతే 12, సరిపోతుంది. డ్రిల్ బిట్‌కి 10 మిల్లీమీటర్ల దగ్గర టేప్ చుట్టి, ఆ గుర్తు వచ్చేదాకానే రంధ్రం చేయండి. రంపపు పొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డు అయితే స్క్రూని చేత్తోనే తిప్పండి. మెషిన్‌తో ఒక్క చుట్టు ఎక్కువ తిరిగినా లోపల పొడి రాలిపోయి ఆ రంధ్రం ఇక పట్టదు.

బోర్డు వెనక తగిలించుకునే రంధ్రాల మధ్య దూరాన్ని కంటితో అంచనా వేయొద్దు. వాటిమీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, అచ్చు పడుతుంది. ఆ కాగితాన్నే చెక్క మీద అంటించి గుర్తులు పెట్టుకోండి. రంధ్రాలు లేని బోర్డయితే రెండు చివర్లా క్లిప్పులు వేయండి. బోర్డు ఒంట్లోంచి మాత్రం స్క్రూ దించకండి, లోపల కరెంటు పట్టీలుంటాయి. బిగించాక చేత్తో పట్టుకుని గట్టిగా లాగి చూడండి. కదిలిందా, విప్పి మళ్లీ బిగించాల్సిందే.

వైర్లు నడపడం

ఇక్కడి నుంచి తేలిక. అడాప్టర్లు గుచ్చి, మిగిలిన వైరుని వదులుగా మడతలు పెట్టి వెల్క్రో చుట్టండి. బిగుతుగా చుట్టిన వైరులో ఎక్కువ లోడ్ నడిస్తే వేడి బయటికి పోదు. మానిటర్ వైరుకి జానెడు వదులు ఉంచండి, తిప్పినప్పుడు పోర్టు మీద లాగుడు పడదు. 6 ఆంపియర్లంటే 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు. 65 వాట్ల ల్యాప్‌టాప్‌కి, మానిటర్‌కి, రౌటర్‌కి అది కావలసినంత. ఇస్త్రీపెట్టె, లేజర్ ప్రింటర్ మాత్రం గోడ సాకెట్‌కే పెట్టాలి.

నెట్ వైరు ఫైబర్ అయితే దాని జోలికి జాగ్రత్తగా వెళ్లండి. లోపలుండేది గాజు. మూలల్లో మడిచినా, వెల్క్రోతో నొక్కినా వెలుగు సరిగా పోదు, మోడెమ్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. మా బావ ఇంట్లో ఆ పసుపు వైరుని టేబుల్ కాలికి కేబుల్ టైతో బిగించి, కనెక్షన్ పోయిందని రెండు రోజులు కంప్లైంట్లు పెట్టారు. టై కోయగానే నెట్ వచ్చింది. మిగిలిన ఫైబర్‌ని అరచేయంత చుట్టగా వదులుగా వేలాడదీయండి. రౌటర్‌ని ఇనుప ట్రేలో దాచకండి, సిగ్నల్ తగ్గుతుంది. యూపీఎస్‌ని మూసిన అరలో పెట్టకండి, వేడికి బ్యాటరీ త్వరగా పాడవుతుంది. దాన్ని చిన్న పీట మీద, గాలి ఆడేలా ఉంచండి.

ఇక బోర్డు వైరుని టేబుల్ వెనక కాలి వెంట కేసింగ్‌లో దింపి, గోడ దాకా తీసుకెళ్లండి. అన్నీ ఆన్ చేసి ఓ గంట పనిచేశాక బోర్డునీ ప్లగ్గునీ తాకి చూడండి. అడాప్టర్ గోరువెచ్చగా ఉంటే పర్లేదు, ప్లగ్గు వేడెక్కకూడదు. చివరగా గోడ దగ్గర ఆ రెండు వైర్లూ పీకి టేబుల్‌ని జానెడు ముందుకి లాగండి. వెనక ఏదీ తగులుకోకుండా మొత్తం ఒక్కటిగా కదిలితే బిగింపు సరిగా వచ్చినట్టే.