మన కోడు, మన గుర్తు – 5వ పాఠం: లోగో ఎంచుకోవడం

పోయిన పాఠంలో మన ప్రాజెక్టుకి "వంతు" అని పేరు ఖాయం చేశాం. దాళ్వాలో, అంటే రబీ పంటకి, గోదావరి నీళ్లు తగ్గి డెల్టా కాలువలకి వంతులవారీగా వదిలేటప్పుడు, ఏ కాలువకి ఏ రోజు నీళ్లొస్తాయో రైతు ఫోన్లో చూపించే ఓపెన్ సోర్స్ యాప్ అది, అంటే కోడు ఎవరైనా చూసి వాడుకోవచ్చు. ఈ పాఠాల కోసం అనుకున్న ఉదాహరణే అయినా, రేపే జనం చేతికి వెళ్తుందన్నట్టు పని చేద్దాం.

ముందు కాగితం, పెన్సిల్ తీసుకోండి. కంప్యూటర్ ఇప్పుడే వద్దు. మనవైపు ఎవరిని గీయమన్నా మొదట కొబ్బరిచెట్టే గీస్తారు. వెనకాల సూర్యుడు, కింద గోదావరి, అందులో ఒక పడవ. కోనసీమ కొబ్బరంటే నాకూ ప్రాణమే, అయినా కొట్టేయండి. కొబ్బరినూనె డబ్బా మీద, రియల్ ఎస్టేట్ ఫ్లెక్సీ మీద, లాడ్జి బోర్డు మీద అదే బొమ్మ. యాప్ చేసే పని దగ్గర్నుంచి ఆలోచించండి. నీళ్లు వదిలారా లేదా అన్నది రైతు దేన్ని చూసి తెలుసుకుంటాడు? కాలువ షట్టర్ పైకి లేచిందా అని చూస్తాడు. మన బొమ్మ అదే: రెండు నిలువు గోడలు, మధ్యలో సగం లేచిన పలక, దాని కింద నీళ్లు.

ఇప్పుడు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ తెరిచి గీయండి. అది ఉచితం, ఫైల్ ఎస్‌వీజీగా, అంటే చుక్కలుగా కాక గీతల కొలతలుగా ఉంటుంది కాబట్టి ఎంత పెంచినా గీత చెదరదు. గీశాక 16 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) వెడల్పుతో పీఎన్‌జీ, అంటే మామూలు చుక్కల బొమ్మ ఫైల్, తీసి చూడండి. బ్రౌజర్ ట్యాబ్‌లో లోగోకి దొరికే చోటు అంతే. మొదటిసారి అందరికీ గుండె జారుతుంది. షట్టర్‌ని తిప్పే చక్రం మచ్చయిపోయింది, పలక మీది బోల్టులు మాయమయ్యాయి, మూడు అలలూ కలిసి బూడిదరంగు పట్టీ అయ్యాయి. చక్రం, బోల్టులు తీసేయండి. మూడు అలల బదులు ఒకే మందమైన అల పెట్టండి. పలకకీ నీళ్లకీ మధ్య ఖాళీ 16 పిక్సెళ్లలో కనీసం రెండైనా ఉండాలి. షట్టర్ లేచిందని చెప్పేది ఆ ఖాళీయే.

తర్వాత రంగులన్నీ తీసేసి నలుపు ఒక్కటే ఉంచండి. కాలువ లాకుల దగ్గర అతికించే నోటీసు జిరాక్స్ కాపీయే కదా. అందులోనూ గుర్తుపట్టగలగాలి.

బొమ్మ బదులు "వం" అక్షరమే లోగోగా పెడతామంటే పెట్టొచ్చు. అయితే చిన్న సైజులో వ, మ ఒకేలా కనిపిస్తాయి, తలకట్టు పొట్టలో కలిసిపోతుంది. ఫాంట్ లైసెన్స్ చూసి, అక్షరాన్ని పాత్‌గా (ఫాంట్‌తో పనిలేని గీతగా) మార్చి దాచండి. లేకపోతే ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో వేరే రూపం వస్తుంది.

ఇక చాలామంది వదిలేసే సంగతి, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది: లోగోకి లైసెన్స్. కోడుకి లైసెన్స్ ఉంటే బొమ్మకీ అదే వర్తిస్తుందని అనుకోవద్దు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోడు స్వేచ్ఛగా వాడుకోవచ్చు, లోగో మీద మాత్రం షరతులుండేవి. ఆ షరతులు తమ నియమాలకి సరిపడక, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఉచితంగా పంచే డెబియన్ వాళ్లు ఆ లోగో తీసేశారు. లోగో లేకుండా పేరు వాడొద్దని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా 2006లో అనడంతో, డెబియన్‌లో ఆ బ్రౌజర్ 2016 దాకా ఐస్‌వీజిల్ అనే పేరుతో నడిచింది. మరోపక్క లినక్స్ గుర్తైన పెంగ్విన్ టక్స్‌ని లారీ ఎవింగ్ 1996లో గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌తో గీసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అడిగితే తన పేరూ గింప్ పేరూ చెప్పండి చాలన్నారు. మనం కూడా అలా ఒక్క వాక్యంలో రాసి, ఎస్‌వీజీ పక్కనే రిపాజిటరీలో, అంటే ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోట, పెడదాం. గీసినవాళ్ల పేరు మర్చిపోకండి.

ఓటింగ్ పెట్టమంటారా? వద్దు. ఓట్లు వివరం ఎక్కువున్న బొమ్మకే పడతాయి. ఇద్దరు ముగ్గురు కూర్చుని, పైన చేసిన పరీక్షలన్నీ పెట్టి తేల్చండి.

వచ్చే పాఠానికి మూడు ఫైళ్లు సిద్ధం చేసుకోండి: అసలు ఎస్‌వీజీ, నలుపు ఒక్కటే ఉన్న ప్రతి, 16 పిక్సెళ్ల పీఎన్‌జీ. వాటిని రీడ్‌మీలో (ప్రాజెక్టుని పరిచయం చేసే ఫైల్లో) ఎక్కడ, ఎలా పెట్టాలో చూద్దాం.