స్విచ్‌ని తిరగేసి స్టిక్కర్ చదవండి: బఫర్ ఓవర్‌ఫ్లోకి మనం చేయాల్సిన పని

మిర్యాలగూడ మిల్లుల్లో, నల్గొండ కాలేజీల్లో, దేవరకొండ షాపుల్లో నెట్‌వర్క్ పనులు చేసుకునే మనవాళ్ల కోసం రాస్తున్నాను. సీసీటీవీ బిగించే తమ్ముళ్లు తప్పకుండా చదవండి. కెమెరాల కేబుళ్లన్నీ కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ని బిల్లు అందాక ఎవరూ ముట్టుకోరు, నాకు తెలిసి.

ముందు ఏ స్విచ్ గురించి పట్టించుకోవాలో చూద్దాం. ఐపీ అడ్రస్ లేని మామూలు ఎనిమిది పోర్టుల డబ్బాతో ఈ తలనొప్పి లేదు. బ్రౌజర్‌లో అడ్రస్ కొడితే లాగిన్ పేజీ వచ్చిందంటే మాత్రం దాని లోపల ఒక చిన్న కంప్యూటర్, అందులో ఒక వెబ్ సర్వర్ నడుస్తున్నట్టే. ఆ సర్వర్ రాసినవాళ్లు బయటి నుంచి వచ్చే సమాచారం కోసం మెమరీలో కొంత చోటు పెడతారు, దాన్నే బఫర్ అంటారు. 256 బైట్లు అనుకోండి. వచ్చింది ఎంత పొడవుందో చూడకుండా కాపీ చేసే కోడ్ ఉంటే, 600 బైట్లు వచ్చినప్పుడు మిగిలినవి పక్క చోటు మీద పడతాయి. పై మడి ఒడ్డు తెగితే కింది మడిలో నారు మునిగినట్టే. బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఇదే. ఆ పక్క చోట్లో ఫంక్షన్ పని ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే అడ్రస్ ఉండొచ్చు. దాని మీద చెత్త పడితే స్విచ్ రీబూట్ అవుతుంది. తెలిసినవాడు లెక్క చూసి పంపితే వాడి కోడ్ మన స్విచ్‌లో నడుస్తుంది. ఇది కొత్త జబ్బేమీ కాదు. 1988లో మోరిస్ వార్మ్ (కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి దానంతటదే పాకే ప్రోగ్రామ్) ఫింగర్ సర్వీస్‌లోని 512 బైట్ల బఫర్‌కి 536 బైట్లు పంపి లోపలికి దూరింది.

చాలామంది నాతో అనే మాట: "పాస్‌వర్డ్ గట్టిది పెట్టినం గదా అన్నా." ఇలాంటి లోపాల్లో ప్రమాదమైనవి లాగిన్ కంటే ముందే పనిచేస్తాయి. పాస్‌వర్డ్ అడిగే దాకా వ్యవహారం పోదు. హాస్టల్ వైఫైలో కూర్చున్న కుర్రాడికి స్విచ్ పేజీ తెరుచుకుంటే చాలు, మిగతాదానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు.

ఇప్పుడు స్టిక్కర్ సంగతి. స్విచ్ అడుగున మోడల్ నంబర్ ఉంటుంది. ర్యాక్‌లో బిగించి ఉంటే ఫోన్ కింద పెట్టి ఫొటో తీయండి. మన దగ్గర ఎక్కువగా కనిపించే సిస్కో స్మాల్ బిజినెస్ స్విచ్‌లనే తీసుకుందాం. 2023 మే నెలలో వాటి వెబ్ పేజీలో లాగిన్ లేకుండానే కోడ్ నడిపించగల నాలుగు బఫర్ ఓవర్‌ఫ్లోలు బయటపడ్డాయి. సీవీఈ-2023-20159 వాటిలో ఒకటి (సీవీఈ అంటే లోపానికి ఇచ్చే గుర్తింపు నంబర్). పదికి 9.8 తీవ్రత. 250, 350, 350ఎక్స్, 550ఎక్స్ సిరీస్‌లకు 2.5.9.16 వెర్షన్‌లో, సీబీఎస్250, సీబీఎస్350లకు 3.3.0.16లో సరిచేశారు. 200, 300, 500 సిరీస్‌లకు మాత్రం కాలం తీరిందని ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇవ్వలేదు, ఇవ్వరు కూడా. అంటే 300 సిరీస్‌లోని ఎస్‌జీ300 ఎంత బాగా నడుస్తున్నా ఆ చిల్లు అలాగే ఉంటుంది.

వెర్షన్ చూడాలంటే లాగిన్ అయ్యి సిస్టమ్ సమరీ తెరవండి. పాతదైతే ముందు కాన్ఫిగరేషన్‌ని ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి. ఫర్మ్‌వేర్, అంటే స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్, కంపెనీ సైట్ నుంచే తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఫైల్ ఎక్కించకండి. సైట్‌లో ఇచ్చిన హ్యాష్‌తో (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) మీ ఫైల్ హ్యాష్ పోల్చాకే ముందుకు వెళ్లండి. రిలీజ్ నోట్స్ కూడా చదవండి, మరీ పాత వెర్షన్ నుంచి నేరుగా దూకనివ్వకపోవచ్చు. ఈ స్విచ్‌లలో రెండు ఇమేజ్‌లకు, అంటే రెండు ఫర్మ్‌వేర్ కాపీలకు, చోటుంటుంది. కొత్తది ఎక్కించి, దాన్ని యాక్టివ్ చేసి రీబూట్ చేస్తే పాతది పక్కన అలాగే ఉంటుంది, తేడా వస్తే వెనక్కి మారొచ్చు. అయినా యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. మిల్లుల్లో అయితే యాసంగి ధాన్యం దిగే రోజుల్లో ఈ పని అసలు ఎత్తుకోకండి. కాంటా దగ్గర కంప్యూటర్ ఆగితే లారీలు రోడ్డు దాకా నిలబడతాయి, ఆ తర్వాత సేటుతో మాట్లాడాల్సింది మీరే.

సిస్కోవే పెద్ద క్యాటలిస్ట్ స్విచ్‌లున్న కాలేజీల్లో చూడాల్సింది వేరే. కొత్త స్విచ్‌ని దూరం నుంచే సెట్ చేసే స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సదుపాయం చాలా మోడళ్లలో ముందే ఆన్‌లో ఉండి, టీసీపీ 4786 పోర్టు తెరిచి ఉంచుతుంది. అందులోని ఓవర్‌ఫ్లోని 2018 మార్చిలో బయటపెట్టారు, సీవీఈ-2018-0171. పది రోజులు తిరక్కముందే ఇరాన్, రష్యాల్లో స్విచ్‌ల కాన్ఫిగరేషన్ పోయి, అక్షరాలతో గీసిన అమెరికా జెండా ప్రత్యక్షమైంది. అలాంటి దాడికి ఓవర్‌ఫ్లో కూడా అవసరం లేదు, ఆ ప్రోటోకాల్ ఎవరు నువ్వని అడగదు కాబట్టి. మీరు చేయాల్సింది: 'షో వీస్టాక్ కాన్ఫిగ్' (show vstack config) కొట్టి చూడండి. ఎనేబుల్డ్ అని ఉంటే కాన్ఫిగ్ మోడ్‌లో 'నో వీస్టాక్' కొట్టి సేవ్ చేయండి. వీస్టాక్ ఒకే పదం, మధ్యలో ఖాళీ ఉండదు. ఆ కమాండ్ లేని పాత వెర్షన్ అయితే యాక్సెస్ లిస్ట్‌తో (ఏది రావొచ్చో, ఏది రాకూడదో చెప్పే రూల్స్) 4786ని ఆపండి. రీబూట్ తర్వాత మళ్లీ ఒకసారి చూడండి, కొన్నిట్లో తిరిగి ఆన్ అవుతుంది.

నా లెక్కలో అన్నిటికంటే విలువైన పని మేనేజ్‌మెంట్‌ని, అంటే స్విచ్‌ని సెట్ చేసే దారిని, విడదీయడం. ప్యాచ్ ఈ ఏడాది లోపానికి వస్తుంది, వచ్చే ఏడాది లోపం ఇప్పటికే ఆ పెట్టెలో ఉండొచ్చు. స్విచ్‌ల ఐపీలన్నీ ఒక ప్రత్యేక వీల్యాన్‌లోకి (అవే కేబుళ్ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) మార్చండి. ఆ వీల్యాన్‌కి ఆఫీసు సిస్టమ్‌లు, కెమెరాలు, హాస్టల్ వైఫై ఏవీ చేరకూడదు. ఒక్క మీ ల్యాప్‌టాప్ ఐపీకే అనుమతి ఇవ్వండి, అదీ మిగతావి ఆపే రూల్ కంటే ముందు రాయండి. ఎన్‌క్రిప్షన్ లేకుండా నడిచే టెల్నెట్, హెచ్‌టీటీపీ ఆపేయండి. ప్యాచ్ లేని ఎస్‌జీ300కి కన్సోల్ పోర్టుంది కాబట్టి వెబ్ పేజీని పూర్తిగా ఆపి కేబుల్‌తోనే నడపొచ్చు. ఎస్‌జీ200కి ఆ దారి లేదు, వెబ్ పేజీ ఒక్కటే. దాన్ని వీల్యాన్ వెనక దాచి, మార్చడానికి డబ్బులు అడగండి. "మంచిగనే నడుస్తుంది గదా, ఎందుకు గెలుకుడు?" అనే సేటుకి రాతపూర్వకంగా ఇవ్వండి, రేపు ఏదైనా అయితే ఆ కాగితం మీకు పనికొస్తుంది.

ఫోన్‌లో కెమెరాలు చూడాలని రౌటర్‌లో డీఎంజెడ్ (ఒక ఐపీని ఇంటర్నెట్‌కి పూర్తిగా తెరిచే సెట్టింగ్) ఆన్ చేసిన చోట్లు కూడా వెతకండి. డీఎంజెడ్‌లో రాసిన ఐపీ ఎవరిదో సరిచూడండి. డీవీఆర్ (కెమెరా రికార్డర్) మార్చినప్పుడు అదే ఐపీ స్విచ్‌కి వచ్చి ఉంటే దాని లాగిన్ పేజీ ప్రపంచమంతటికీ తెరిచినట్టే.

ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ టూల్‌తో చూసుకోవచ్చు, యజమాని అనుమతి ఉన్న నెట్‌వర్క్‌లోనే. అనుమతి లేకుండా వేలు పెడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి. నెట్‌లో దొరికే దాడి కోడ్‌ని నడుస్తున్న స్విచ్ మీద మాత్రం ఎప్పుడూ ప్రయత్నించకండి. లోపం ఉందని తెలియడానికి వెర్షన్ నంబర్ చాలు.

స్విచ్ దానంతటదే రీబూట్ అవుతుంటే, తెలియని యూజర్ కనిపిస్తే, కాన్ఫిగరేషన్ మారితే అనుమానించండి. లాగ్‌లు వేరే సిస్టమ్‌కి పంపేలా ముందే పెట్టుకోండి, రీబూట్‌తో మెమరీలోవి పోతాయి. 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను సంస్థలు ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి.

కొత్తది కొనడానికి సికింద్రాబాద్ వెళ్లి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగేటప్పుడు ఎస్‌జీ300 సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనిపిస్తే ఆశపడకండి. ఆ మోడల్‌కి సపోర్ట్ ఏ సంవత్సరం దాకా ఉందో కంపెనీ సైట్‌లో చూసి, ఆ తర్వాతే ధర అడగండి.