ఫ్రంటోసాలను ఇంటి అక్వేరియంలో పెంచడం ఎలా?

ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సు నుంచి వచ్చిన సిక్లిడ్ కుటుంబపు చేపలలో ఇంటి అక్వేరియానికి తగిన పెద్ద చేప ఫ్రంటోసా. మగది 30 సెంటీమీటర్లు దాటుతుంది, నుదుటి మీద బొప్పి లేస్తుంది, సరిగ్గా చూసుకుంటే 20 ఏళ్లు బతుకుతుంది. ఇంత గట్టి చేప ఇంటికి తెచ్చిన వారంలోపే చచ్చిపోతే అందరూ రోగం అంటారు. చాలాసార్లు అది రోగం కాదు. తెచ్చిన రోజు, చేప వచ్చిన ప్లాస్టిక్ కవర్‌ను విప్పిన తీరే కారణం.

తొట్టి 6 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు ఉండాలి. అంటే దాదాపు 680 లీటర్లు. ఇందులో ఒక మగది, ఐదారు ఆడవి, అంతే. నీళ్లు, రాళ్లు, గాజు, స్టాండు కలిపితే బరువు టన్నుకు దగ్గరవుతుంది కాబట్టి నేల గట్టిగా, సమంగా ఉండాలి. రాళ్లను ముందు అడుగున ఆనించి పేర్చి, ఆ తర్వాతే చుట్టూ మూడు సెంటీమీటర్ల సన్న ఇసుక పోయండి. ఇసుక మీద రాళ్లు పెడితే చేపలు కింద తవ్వేస్తాయి, రాయి జారి గాజు పగులుతుంది. కెనిస్టర్ ఫిల్టర్లు (తొట్టి బయట ఉండే డబ్బా ఫిల్టర్లు) రెండు పెట్టండి, ఒకటి కడిగినప్పుడు రెండోది పనిచేస్తుంది. వేడి 25-26 డిగ్రీలు. లైటు వెలుగు తక్కువగా ఉండాలి, సరస్సులో ఇవి లోతున తిరిగే చేపలు. మొక్కలు వద్దు. చిన్న చేపలను తోడు వేయొద్దు, రాత్రి తినేస్తాయి.

పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 నుంచి 8.8 మధ్య, కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా నిలిపే కార్బొనేట్ల కొలత) 10 డిగ్రీలకు పైన ఉంచండి. 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడా కేహెచ్‌ను ఒక డిగ్రీ పెంచుతుంది. బకెట్లో కరిగించి పోయండి. వాడేది వంటసోడాయే, బట్టల సోడా కాదు.

చేపలు లేకుండానే ఫిల్టర్‌ను సిద్ధం చేయాలి, అంటే చేపలు వదిలే అమోనియాను మార్చే బ్యాక్టీరియాను అందులో పెంచాలి. అమోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) చూపేలా అమోనియం క్లోరైడ్ వేయండి, 600 లీటర్ల నీటికి సుమారు 4 గ్రాములు సరిపోతుంది. అది 24 గంటల్లో సున్నాకు పడిపోయి, అమోనియా నుంచి పుట్టే మరో విషం నైట్రైట్ కూడా సున్నా చూపితే ఫిల్టర్ తయారైనట్టు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొందరపడి ఒక్క చేపను కూడా వేయకండి.

ఇక అసలు పని, చేపలను దించడం.

కవర్‌లో గంటల తరబడి ఉన్న చేప రెండు పనులు చేస్తుంది. ఊపిరి వదిలి కార్బన్ డయాక్సైడ్ నింపుతుంది, మొప్పల గుండా అమోనియా వదులుతుంది. కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ 7 దగ్గర ఉంటే మొత్తం అమోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం కూడా కాదు, కాబట్టి కవర్ మూసి ఉన్నంతసేపూ చేపకు పెద్ద ప్రమాదం లేదు. మూతి విప్పగానే గాలి తగిలి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. 26 డిగ్రీల నీటిలో పీహెచ్ 8.5కు చేరితే, అదే అమోనియాలో సుమారు 16 శాతం విషంగా మారుతుంది. అమోనియా ఒక్క చుక్క పెరగకపోయినా చేప మొప్పలు కాలిపోతాయి.

అందుకే, చేపను బకెట్లో వేసి సన్న గొట్టంతో గంటసేపు చుక్కలు చుక్కలుగా తొట్టి నీళ్లు వదిలే పద్ధతి దూరం నుంచి వచ్చిన ఫ్రంటోసాలకు పనికిరాదు. అలవాటు చేస్తున్నామనుకుంటూ విషం పెరుగుతున్న నీళ్లలోనే చేపను నిలబెడుతున్నారు. అరగంటలో ఇంటికి తెచ్చిన చేపకు ఆ పద్ధతి హాని చేయదు, అయితే దాని అవసరమూ లేదు.

సరైన దారి ఇది. అమ్మేవారి నీళ్ల పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) ముందే అడిగి రాసుకోండి. విడిగా ఒక 200 లీటర్ల తొట్టిని ఆ అంకెలకు దగ్గరగా సిద్ధం చేసి, పెద్ద తొట్టిలో నడిచిన స్పాంజి ఫిల్టర్‌ను అందులో పెట్టండి. లైట్లు ఆర్పండి. మూసిన కవర్‌ను 20 నిమిషాలు నీళ్ల మీద తేలనివ్వండి, వేడి సమమవుతుంది. అప్పుడు విప్పండి, విప్పాక ఆగకండి. చేపను ప్లాస్టిక్ గిన్నెతో పట్టి, నీళ్లు ఒంచేసి, వెంటనే కొత్త తొట్టిలోకి వదలండి. వల వాడితే వీపు ముళ్లు చిక్కుకుని రెక్క చీలుతుంది. కవర్ నీళ్లు ఒక్క గరిటె కూడా తొట్టిలో పడకూడదు.

ఆ రోజు మేత వద్దు. చేప పైకి వచ్చి మొప్పలు వేగంగా ఆడిస్తుంటే అమోనియా పరీక్షించి, క్లోరిన్ తీసి, అదే వేడి, అదే పీహెచ్‌కు తెచ్చిన నీళ్లతో సగం మార్చండి. నాలుగు వారాల్లో కొద్దికొద్దిగా మీ పెద్ద తొట్టి అంకెలకు తెచ్చాకే అందులోకి మార్చండి. అక్కడ ముందే చేపలుంటే రాళ్ల అమరిక మార్చి, కొత్తవాటిని అన్నింటినీ ఒకేసారి దించండి. పాత రాళ్ల మధ్య ఒంటరిగా దిగిన చేపను మగది మూలకు తరిమి మేత కూడా తిననివ్వదు.

మేతగా మునిగే గుళికలే వేయండి. తేలే గుళికలు వేస్తే చేపలు గాలి మింగి, పొట్ట పైకి తేలిపోవచ్చు. కోడి, పశువుల మాంసం వద్దు, ఆ కొవ్వు వీటికి అరగదు.

వారానికోసారి 30 శాతం నీళ్లు మార్చండి, కేహెచ్ చూడండి. ఫిల్టర్ బ్యాక్టీరియా అమోనియాను మార్చేటప్పుడు కేహెచ్‌ను తింటుంది. నెలల తరబడి పట్టించుకోని తొట్టిలో పీహెచ్ జారి, అమోనియా విషం కాని రూపంలో పేరుకుని ఉంటుంది. అలాంటి తొట్టికి ఒకేసారి సగం కొత్త నీళ్లు పోస్తే పీహెచ్ ఒక్కసారిగా లేచి, కవర్ విప్పినప్పటి ప్రమాదమే తొట్టి మొత్తానికి వస్తుంది. ముందు అమోనియా పరీక్షించి, రోజుకు 10 శాతం చొప్పున మాత్రమే మార్చండి.