సొంతంగా పియానో నేర్చుకున్నవాళ్ళకి కంపోజిషన్ – 4వ పాఠం: ట్యూన్ కంటే ముందు బాస్

పోయిన మూడు పాఠాల్లో సి మేజర్ స్కేలు, మూడు నోట్ల కార్డులు, 3/4 తాళం లెక్క అయిపోయాయి. ఈసారి రాయడమే. ఎనిమిది బార్ల మినుయెట్ (మూడు బీట్ల నాట్యపు ముక్క), రెండు చేతులకీ. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. మ్యూజ్‌స్కోర్ లాంటి నోట్లు రాసే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు కూడా ఈ ఒక్క పాఠానికి పక్కన పెట్టండి, ఎందుకంటే కంప్యూటర్ వాయించి పెడుతుంటే మన వేళ్ళకి ఏమీ తెలీదు. కీబోర్డులో ఆటో అకంపనిమెంట్ ఆన్‌లో ఉంటే అది కూడా ఆపేయండి.

సొంతంగా నేర్చుకున్న మనలో ఎక్కువమంది కుడిచేత్తో ఒక ట్యూన్ పట్టుకుని, దాని కింద ఎడమచేత్తో సి కార్డు, ఎఫ్ కార్డు, జి కార్డు నొక్కుకుంటూ పోతాం. పాటకి అది సరిపోతుంది. కానీ హైడ్న్, మొజార్ట్‌ల పద్ధతిలో ఒక ముక్క రాయాలంటే ఎడమచెయ్యి కూడా పాడాలి, విడిగా వింటే అదీ ఒక ట్యూన్‌లా ఉండాలి. అందుకే నేను మొండిగా చెప్పేది ఒక్కటే: బాస్, అంటే ఎడమచేతి కింది వరస, ముందు రాయండి, ట్యూన్ దాని మీద కట్టండి.

ఇది నా సొంత కిటుకేం కాదు. నేపుల్స్‌లో అనాథ పిల్లల ఆశ్రమాలుగా మొదలైన కన్సర్వేటరీలు 18వ శతాబ్దానికి యూరప్ మొత్తానికీ సంగీతకారుల్ని పంపే స్థాయికి వచ్చాయి. అక్కడి పిల్లల చేతికి ఇచ్చింది పార్తిమెంతో, అంటే కాగితం మీద ఒట్టి బాస్ లైన్. పైన ఏం వాయించాలో పిల్లవాడే అప్పటికప్పుడు కీబోర్డు మీద వెతుక్కోవాలి. రోజూ అదే పని, కొన్నేళ్ళపాటు. చివరికి బాస్ చూడగానే చెయ్యి దానంతట అది కదిలేది. హైడ్న్ దారి వేరు. గొంతు మారాక 1749 ప్రాంతంలో వియన్నా సెయింట్ స్టీఫెన్స్ కోయిర్ నుంచి బయటపడి, అటక మీద గదిలో, పురుగులు తిన్న పాత క్లావియర్ ముందు కూర్చుని, ఫుక్స్ అనే స్వరకర్త 1725లో లాటిన్‌లో అచ్చు వేయించిన కౌంటర్‌పాయింట్ (ఒక వరస మీద ఇంకో వరస కట్టే విద్య) పుస్తకాన్ని తనంతట తానే అరగదీశాడు. అందులో మొదటి అభ్యాసం ఏమిటంటే, ఇచ్చిన ఒక వరసకి నోటుకి నోటు చొప్పున రెండో వరస రాయడం. ఏళ్ళ తర్వాత బీథోవెన్ తన దగ్గరికి వస్తే అతనికీ ఆ అభ్యాసాలే పెట్టాడు. మనం ఈరోజు చేసేది దానికి బాగా తేలికపరిచిన రూపం.

రాసేముందు మీకు ఇప్పటికే వచ్చిన ఒక ముక్క విప్పి చూద్దాం. కీబోర్డు మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ వాయించే జి మేజర్ మినుయెట్ ఉంది కదా, బాఖ్ భార్య ఆనా మగ్దలేనా నోట్‌బుక్‌లోది, చాలాకాలం బాఖ్‌దే అనుకున్నారు కానీ రాసింది క్రిస్టియన్ పెట్‌సోల్డ్. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచెయ్యి మొదటి ఆరు బార్లు మాత్రం వాయించండి. జి కార్డుతో మొదలై ఎ, బి, సి, మళ్ళీ బి, ఎ, జి. పక్క పక్క మెట్ల మీద ఎక్కి దిగింది, అంతే. ఇప్పుడు రెండో బారు నుంచి ప్రతి బారులో కుడిచెయ్యి మొదటి నోటు మాత్రం పైన కలపండి. బి మీద డి. సి మీద ఇ. బి మీద జి. ఎ మీద సి. జి మీద బి. నాలుగో బారులో సిక్స్త్ (కింది నోటుని ఒకటిగా లెక్కపెడితే ఆరో మెట్టు), మిగతా నాలుగూ టెంత్‌లు, అంటే ఒక ఆక్టేవ్ పైన ఉన్న థర్డ్‌లు (మూడో మెట్లు). అంత ముచ్చటగా వినిపించే ముక్కకి అస్థిపంజరం ఇదే. మిగతా నోట్లన్నీ ఆ ఎముకల మధ్య నడక. నెమ్మదిగా, నోటు నోటూ విడిగా వినిపించేలా వాయించి చూడండి, తొందర వద్దు.

ఇక మనది. బాస్, బారుకి ఒక నోటు, మూడు బీట్లూ పట్టుకోవాలి. మిడిల్ సి నుంచి కిందికి దిగండి:

సి | బి | ఎ | జి | సి | ఎఫ్ | జి | సి

అయిదో బారులో సి కిందది, మిడిల్ సి కాదు. చివరి సి కూడా అదే. ముందు ఇది ఒక్కటే పాడుతూ వాయించండి. నాలుగో బారు జి దగ్గర వాక్యం మధ్యలో ఆగినట్టు, ఎనిమిదో బారు సి దగ్గర పూర్తయినట్టు వినిపిస్తుంది. ట్యూన్ ఇంకా పుట్టలేదు, కథ మాత్రం అప్పుడే చెప్పేసింది బాస్.

దీని పైన బారుకి ఒక్క నోటు పెట్టాలి. నియమం: బాస్ నుంచి థర్డ్ గానీ సిక్స్త్ గానీ ఉండాలి, మధ్యలో ఎన్ని ఆక్టేవ్‌లు ఉన్నా ఫర్వాలేదు. ఆఖరి బారులో మాత్రం సి మీద సి. ఒకే రకం వరసగా అయిదు దాటకూడదు. నేను పెట్టుకున్నది:

ఇ | డి | సి | బి | ఇ | డి | బి | సి

మిడిల్ సి దగ్గరున్న ఇ కాదు, దానికి ఒక ఆక్టేవ్ పైన ఉన్న ఇతో మొదలుపెట్టండి. మొదటి నాలుగు బార్లు పెట్‌సోల్డ్ లాగే టెంత్‌లు. ఆరో బారులో ఎఫ్ మీద డి, అంటే సిక్స్త్, అక్కడ రంగు మారుతుంది. ఏడో బారు బి ఆఖరి సికి తప్పకుండా ఎక్కాలి. ని వచ్చి స దగ్గర ఆగాలని చెవి ఎంత పట్టుబడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

కర్ణాటక సంగీతం నేర్చుకుని ఇటు వచ్చినవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. సిని షడ్జం అనుకుంటే ఇవన్నీ శంకరాభరణం స్వరస్థానాలే, ఆ పరిచయం మీకు చాలా సాయం చేస్తుంది. తేడా ఎక్కడంటే, అక్కడ తంబురా షడ్జం కదలదు, ప్రతి స్వరం దానితోనే తూచుకుంటాం. ఇక్కడ కింద నేలే కదులుతుంది. కుడిచేత్తో ఇ నొక్కి అలాగే పట్టుకోండి, ఎడమచేత్తో కింద సి, తర్వాత ఎ, తర్వాత జి మార్చి మార్చి వాయించండి. పైన అదే నోటు, వేలు కూడా కదల్లేదు, కానీ సి మీద నిబ్బరంగా, ఎ మీద దిగులుగా, జి మీద ఎటో వెళ్ళాలన్నట్టు ఉంటుంది. నాకు ఈ సంగీతంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే, గంటలు గంటలు దీంతో గడపొచ్చు.

థర్డ్, సిక్స్త్ సరే, ఫిఫ్త్ ఎందుకు వద్దన్నావని అడుగుతారు. సి–జి కలిపి వాయించండి, వెంటనే డి–ఎ. రెండు చేతులూ ఒకే వైపు జరిగాయి, రెండుసార్లూ స–ప దూరమే. తంబురాకి ఆ రెండే చాలినంత బాగా కలిసిపోతాయి స, ప. ఆ కలిసిపోవడమే ఇక్కడ ఇబ్బంది: రెండు గొంతులు కాస్తా ఒకటైపోయి, పై వరస తన ఉనికి పోగొట్టుకుంటుంది. ఒక్క ఫిఫ్త్ వస్తే ఏం కాదు, అలా ఒకదాని వెంట ఒకటి వస్తేనే సమస్య. ఆక్టేవ్‌లదీ ఇదే సంగతి. ఎడమచేత్తో పూర్తి కార్డులు జరుపుకుంటూ పోతే తెలీకుండానే ఇవి వచ్చి పడతాయి, అందుకే ఆ అలవాటు మాన్పించడానికి ఇంత పట్టుపడుతున్నాను.

ఇప్పుడు ఎముకల మీద కండ. బారుకి మూడు క్వార్టర్ నోట్లు, కుడిచేతికి:

ఇ జి ఇ | డి జి డి | సి ఇ సి | బి – – | ఇ జి ఇ | డి ఎ ఎఫ్ | డి సి బి | సి – –

ఒకటి, రెండు, మూడు, అయిదు, ఆరు బార్లలో చేసిందల్లా అదే కార్డులో ఉన్న ఇంకో నోటుకి ఎగరడమే. ఏడో బారు వేరు: డి నుంచి సి మీదుగా బికి దిగాం. మధ్యలో ఉన్న సి కింది జితో పూర్తిగా కలవదు, కానీ దారిలో వచ్చి వెళ్ళిపోతుంది కాబట్టి చెవి ఏమీ అనదు. దాన్నే పాసింగ్ నోట్ అంటారు. పాసింగ్ నోట్‌కి రెండు షరతులు, పక్క మెట్టు నుంచి రావాలి, పక్క మెట్టుకే పోవాలి. ఆ సిని పొడుగ్గా లాగి చూడండి, ఎందుకు షరతులో అర్థమవుతుంది.

వాయించేటప్పుడు మొదటి బీట్ మీద కొంచెం బరువు, మిగతా రెండూ తేలిగ్గా. పెడల్ అసలు తొక్కొద్దు.

వచ్చే పాఠం లోపు పని. బాస్ నేనిస్తాను: సి | ఎ | ఎఫ్ | జి | సి | ఎఫ్ | జి | సి. పైన ఒక్కో నోటు చొప్పున కనీసం మూడు రకాలుగా రాయండి. ఎ మీద సి పెట్టొచ్చు, ఎఫ్ పెట్టొచ్చు. ఎఫ్ మీద ఎ గానీ డి గానీ. నాలుగో బారులో బి ఉంచేయండి. మూడూ వాయించి, ఏది నచ్చిందో దానికి మాత్రమే కండ పట్టించండి. పాడుతూ వాయించండి, పాడలేకపోతున్న చోట గెంతు ఎక్కువైందని అర్థం.

ఇంకా ఓపిక ఉన్నవాళ్ళు పెట్‌సోల్డ్ మినుయెట్ మొదటి ఎనిమిది బార్ల బాస్ కాగితం మీదికి ఎక్కించి, దాని పైన మీ సొంత ట్యూన్ కట్టండి. కాపీ కొట్టినట్టు కాదా అని మొహమాటపడొద్దు. ఇంగ్లండ్‌లో ఎల్గార్ కూడా కంపోజిషన్ తనంతట తానే నేర్చుకున్నవాడే. యువకుడిగా ఉన్నప్పుడు మొజార్ట్ జి మైనర్ సింఫనీలో ఎన్ని బార్లు ఉన్నాయో అన్ని బార్లు, అవే వాయిద్యాలకి గీతలు గీసుకుని, ఆ చట్రంలోనే తన సింఫనీ రాసుకుంటూ నేర్చుకున్నాడు. మనది ఎనిమిది బార్లే.

అయిదో పాఠంలో మినుయెట్ రెండో సగం. సి మేజర్ నుంచి జి మేజర్‌కి వెళ్ళి, ఎఫ్ షార్ప్‌ని మొదటిసారి ముట్టుకుని, మళ్ళీ ఇంటికి రావాలి. ఈ ఎనిమిది బార్లూ పుస్తకం చూడకుండా వాయించగలిగితేనే అది తెరవండి.